నల్లని చొక్కాయిపై నిగ్గుగల రంగు

మొన్న జరిగిన క్రీడోత్సవమునాడు తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నా యొద్దకు వచ్చి, తాను తొడిగిన నల్లని చొక్కాయిని, తన మిత్రుడు తొడిగిన నల్లని చొక్కాయిని చూపి యొక ప్రశ్న వేసెను. రెండింటిమీదను పసుపుపచ్చని అక్షరములే కలవు. ఒకదానిమీది అక్షరములు రబ్బరు బిళ్లలవలె దళసరిగా నుండి, అక్కడక్కడ బీటలు వారినవి. రెండవదానిమీది అక్షరములు బంతిపూవులవలె మెరయుచున్నవి. చేతితో తడవి చూచినచో బట్టయే తగులును గాని రంగు తగులదు. "అయ్యా, ఈ రంగు బట్టమీద నున్నదా, బట్టలో నున్నదా?" అని వాని ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని, దానికి సమాధానము నేర్చుకొనుటకు పూర్వము నేనొక తప్పు చేయవలసివచ్చినది. ఆ తప్పును, దానివలన తెలిసికొనిన సంగతులను ఈ సంచిక చదువరులకు విన్నవించుట మేలని తోచినది.

కొన్ని సంవత్సరముల క్రిందట జట్టు పిల్లలకు చొక్కాయిలు సిద్ధపరచు పని నాకు అప్పగింపబడెను. తలిదండ్రులిచ్చిన సొమ్ము మితమైనది. నేను అంగడిలో చౌకగా దొరకిన నల్లని చొక్కాయిలు కొని, మలక్‌పేటనుండి దిల్‌సుఖ్‌నగరు వైపు పోవు పెద్దదారికి లోపలి సందులో పనిచేయు ఒక స్క్రీను అద్దకపు పనివాని యొద్దకు గొనిపోయితిని. శిక్షణాలయములు, కళాశాలల ఉత్సవములు, వినాయక చవితి మండపముల సంఘములు మొదలగువారి చొక్కాయిలతో అట్టివారికి ఆ ప్రాంతమున పని తరచుగా దొరకును. డిస్చార్జి ఇంకుతో పసుపుపచ్చని అక్షరములు వేయుమంటిని. అతడు ముందుగా ఒక చొక్కాయిమీద వేసి చూచెదననెను. నాకు తొందర, అన్నియు ఒక్కసారే వేయుమని చెప్పి వచ్చితిని.

మరునాడు పోయి చూడగా అక్షరములు పసుపుపచ్చగా లేవు. వాననీటి గుంటలోని బురద రంగున నుండెను. నేను కోపగించి, కూలి సగమే యిచ్చెదనంటిని. అతడు మారు మాటాడక చొక్కాయి అంచునుండి నాలుగు పోగులు లాగి అగ్గిపుల్లతో ముట్టించెను. నూలు కాలినచో కాగితము కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులును. ఇక్కడ పోగులు ముడుచుకొని కరగి, చివర గట్టి నల్లని పూస నిలిచినది. "సార్, ఇది సగం పాలిస్టర్ బట్ట. నేనెంత ఇంకు పోసినా ఈ నలుపు పోదు. అందుకే ముందుగాల ఒక్కటి ఏసి చూస్తనన్న" అని మాత్రము అనెను. నేను సిగ్గుపడి కూలి పూర్తిగా నిచ్చితిని. పిల్లలు ఆ చొక్కాయిలనే తొడుగుకొని ఆడిరి. ఒక్కరును ఫిర్యాదు చేయలేదు. అదియే నన్ను మరింత బాధపెట్టినది. అప్పటినుండి తీరిక దొరకినప్పుడెల్ల ఆ పనివాని బల్లయొద్ద నిలిచి ఈ విద్యను చూచుచు వచ్చితిని.

మొదట నల్లని బట్టమీద రంగు ఏల మందగించునో తెలిసికొనవలెను. నీటితో కలిపిన అద్దకపు ఇంకు పలుచని రంగుగాజు వంటిది. వెలుగు దానిగుండా పోయి, క్రిందనున్న తెల్లని నూలును తాకి, మరల వెలికి వచ్చినప్పుడే ఆ రంగు మన కంటికి నిగ్గుగా కనబడును. క్రింద నలుపు ఉన్నయెడల వెలుగు ఆ నలుపులోనే మునిగిపోవును. ఇంకును ఎంత దట్టముగా పూసినను ప్రయోజనము స్వల్పము. మాసిన గోడకు రంగు వేయగోరువాడు ముందుగా సున్నము కొట్టును గదా! బట్ట విషయమునను అదే న్యాయము. నిగ్గు పైరంగులో కంటె క్రింది నేలయందే యెక్కువగా నుండును.

ఈ నేలను సిద్ధపరచుటకు రెండు మార్గములు కలవు. మొదటిది, నలుపును కప్పుట. ప్లాస్టిసాల్ అను ఇంకుతో ముందొక తెల్లని పొర వేసి, దానిపై కోరిన రంగు వేయుదురు. రంగు బాగుగనే కనబడును గాని, బట్టపై ప్లాస్టిక్కు పొర నిలుచును. చెమట ఆరదు, సరిగా కాగనియెడల కొన్ని ఉతుకులకు బీటలు వారును. మా విద్యార్థి చూపిన మొదటి చొక్కాయి అట్టిది. రెండవ మార్గము, నలుపును కప్పుటకు మారుగా దానిని తీసివేయుట. దీనికే డిస్చార్జి అద్దకమని పేరు. తెలుగున రంగు తీయు అద్దకమనవచ్చును. ఇంకులోనే రంగు తీయు పొడిని, క్రొత్త రంగును కలిపి వేయుదురు. వేడి తగిలినప్పుడు పాత రంగు పోవును. ఆ చోటనే క్రొత్త రంగు నిలుచును.

ఇది ఎట్లు జరుగునో చెప్పెదను. నూలు చొక్కాయిలకు నేడు ఎక్కువగా వాడునవి రియాక్టివ్ రంగులు. ఇవి 1956వ సంవత్సరమున ఇంగ్లండు దేశపు ఐ.సి.ఐ. సంస్థవారిచే ప్రోసియన్ అను పేరుతో అంగడికి వచ్చెను. వీనిలో అనేకములు అజో జాతివి. అనగా వాని అణువు నడుమ రెండు నత్రజని పరమాణువులు జంటగా కూడి, వంతెనవలె రెండు ప్రక్కలను కలుపుచుండును. ఆ వంతెన నిలిచియున్నంతవరకే రంగు. ఇంకులో కలుపు పొడి జింకు ఫార్మాల్డిహైడ్ సల్ఫాక్సిలేటు అను లవణము. వేడియు తేమయు తగిలినప్పుడు అది విడిపోయి, బలమైన క్షయకరణమును జరిపి, ఆ వంతెనను తెగగొట్టును. మిగిలిన ముక్కలకు ఆ రంగు ఉండదు. ఇంకులోని క్రొత్త రంగు మాత్రము నీట కరగని సన్నని రేణువులుగా నుండును. ఆ పొడికి లొంగని రేణువులనే యేరి ఇంకు చేయుదురు గనుక అది చెడదు. ఇంకులోని బంధకద్రవ్యము ఆ రేణువులను నూలుపోగులకు అంటించి పట్టియుంచును.

ఇది పూర్తిగా పరదేశపు విద్యయని తలంపరాదు. దీని మూలసూత్రము మన తీరప్రాంతపు అద్దకమువారికి ఏనాడో తెలియును. మచిలీపట్టణమునందును, దాని చెంతనున్న పెడనయందును కలంకారీ పనివారు ముడిబట్టను పేడనీటిలో నానవేసి, ఎండలో ఆరవేసి, తడుపుచు మరల ఆరవేసి ముందుగా తెలుపు చేయుదురు. పిమ్మట కరక్కాయ కషాయమున, గేదెపాలలో ముంచుదురు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి చేసిన కసీముతో నల్లని గీతలను, పటికతో ఎరుపు రావలసిన భాగములను చెక్క అచ్చులచే వేయుదురు. పారు నీటిలో బాగుగ జాడించిన తరువాత చిరువేరుతో గాని, నేడు ఎక్కువగా వాడు అలిజరినుతో గాని కాచినచో పటిక ఉన్న చోటనే ఎరుపు పట్టును. ఈ పనిలో రంగు వేయు దినములకంటె ఉతుకు దినములు, ఎండబెట్టు దినములు ఎక్కువ. మచిలీపట్టణపు ఎరుపు సముద్రములు దాటి పేరొందుటకు ఆ ఓర్పుతో సిద్ధపరచిన నేలయును ఒక కారణము.

ఐరోపావారు ఈ ఎరుపు బట్టలను చూచి ముచ్చటపడి తామును చేయబూనిరి. తూర్పుదేశముల ఎరుపును వారు టర్కీ ఎరుపని పిలిచిరి. 1799లో చార్లెస్ టెన్నంట్ అను స్కాట్లండు దేశస్థుడు బ్లీచింగు పొడికి పేటెంటు పొందెను. 1810 ప్రాంతమున మ్యుల్‌హౌస్ పట్టణమున డానియల్ కోక్లిన్ అనునతడు ఎర్రని బట్టమీద టార్టారిక్ ఆమ్లపు ముద్దను అచ్చువేసి, ఆ బట్టను బ్లీచింగు పొడి నీటిలో ముంచెను. ఆమ్లమున్న చోట మాత్రము క్లోరిను వెలువడి ఎరుపు పోయి తెలుపు వచ్చెను. తరువాత ఆ తెల్లని చోట నీలమును పసుపును నింపు పద్ధతులును వచ్చెను. అయితే క్లోరిను నూలును కొరుకును. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున జర్మను రసాయనజ్ఞులు రోంగలైటు అను సల్ఫాక్సిలేటును అంగడికి తెచ్చుటచే, నూలును అంతగా చెరపక రంగును మాత్రము తీయుట సాధ్యమయ్యెను. 1907లో మాంచెస్టరు వాసియైన శామ్యూల్ సైమన్ పట్టుతెర అద్దకమునకు పేటెంటు పొందెను. ఈ రెండు దారులును కలసిన చోటనే మన మలక్‌పేట సందులోని బల్ల నిలిచియున్నది.

ఇక పని క్రమము. ఇందు నాలుగు సంగతులు ముఖ్యమైనవి: బట్ట, ఇంకు, తెర, వేడి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినను రంగు నిగ్గు తప్పును.

మొదటిది బట్ట. నూటికి నూరుపాళ్లు నూలై యుండవలెను. పాలిస్టరు పోగుకు వేయు రంగు వేరు జాతిది. పోగు లోపల దాగియుండును. ఈ పొడి దానిని చేరలేదు. కలగలుపు బట్టమీద నూలుపోగులు మాత్రము తెల్లబడి, పాలిస్టరు పోగులు నల్లగనే నిలుచును. రెండును కలసి బురద రంగు కనబడును. నాకు జరిగినదదియే. నూలు చొక్కాయిలయందు సహితము కుట్టుదారము పాలిస్టరైనచో అది నల్లగనే మిగులును గనుక అక్షరములు కుట్టుమీద పడకుండ చూచుకొనవలెను.

నూలైనంత మాత్రమున చాలదు. దాని రంగు ఏ జాతిదో అదియు ముఖ్యము. నలుపు, ముదురు నీలము, మెరూను రంగులలో అనేకములు తేలికగా తొలగును. నెమలికంఠపు రంగు, కొన్ని మెరుపు నీలములు, వానితో కలిపిన ఆకుపచ్చలు మొండివి. అవి అజో జాతివి కావు. నీలిమందు సంగతి మరింత విచిత్రము. ఈ పొడి తగిలినప్పుడు అది రంగు కోల్పోయినట్లే కనబడును గాని, గాలి సోకగానే మరల నీలముగా మారును. గంధకపు రంగుతో వేసిన నలుపును ఇట్లే మోసగించును. ఒకే అంగడిలో కొన్న రెండు కట్టల నల్లని చొక్కాయిలైనను వేర్వేరు రంగులతో అద్దబడి యుండవచ్చును. కావున ప్రతి కట్టనుండి ఒక చొక్కాయిని ముందుగా వేసి, కాచి, ఉతికి చూచుట తప్పనిసరి. ఆ పనివాడు నాతో మొదటనే చెప్పిన మాట ఇదే.

రెండవది ఇంకు. కోరిన రంగు ఇంకును తూచి, అందు నూటికి ఆరు పాళ్ల చొప్పున, అనగా కిలో ఇంకునకు 60 గ్రాముల పొడి కలుపుట సామాన్యముగా నున్న వాడుక. ఇంకు చేసినవారు వేరు కొలత చెప్పినచో అదియే ప్రమాణము. కంటికొలత పనికిరాదు, త్రాసు ఉండవలెను. పొడి గడ్డలు లేకుండ పూర్తిగా కలియవలెను. గడ్డలున్న చోట మచ్చలు వచ్చును. పొడి తక్కువైనచో నలుపు పూర్తిగా పోదు. ఎక్కువైనంత మాత్రమున నిగ్గు పెరుగదు. వాసనయు ఘాటును పెరుగును. కలిపిన ఇంకు కొన్ని గంటలు మాత్రమే పనిచేయును; మన వేసవిలో ఇంకను త్వరగా చెడును. కావున ఆ పూటకు కావలసినంతయే కలుపుకొనవలెను. మిగిలిన పొడిని తేమ తగులకుండ మూతబెట్టి యుంచవలెను.

రంగుల యెన్నికలోను ఒక మెలకువ కలదు. నలుపు పోయిన పిమ్మట మిగులునది పాలవంటి తెలుపు కాదు. ముడి నూలు యొక్క లేత గోధుమ వన్నె. పసుపు, నారింజ, ఎరుపు రంగులు ఆ వన్నెతో చక్కగా కలసి వెలుగును. లేత నీలము వేసినచో క్రింది పసుపు ఛాయ కలసి ఆకుపచ్చ వైపు తిరుగును. అట్టి లేతరంగులకు, తెలుపునకు, తెల్లని రేణువులు కలిసిన డిస్చార్జి తెలుపును ఇంకులో చేర్చవలెను. ముదురైన నిండు రంగులలో దానిని చేర్చినచో అవి పాలిపోవును.

మూడవది తెర. నీటి ఇంకునకు నిలుచు ఎమల్షనునే తెరకు పూయవలెను. లేనియెడల అంచులు మధ్యలోనే కరగిపోవును. అక్షరములకు అంగుళమునకు 110 మొదలు 160 పోగుల వరకు గల తెర సరిపోవును. రబ్బరు పలకను గట్టిగా నొక్కి రెండు మారులు లాగినయెడల ఇంకు బట్టలోనికి దిగును. ఇంకు పైన నిలిచినచో పైపోగులు మాత్రమే తెల్లబడి, ఉతికినప్పుడు లోని నలుపు బయటపడును. చొక్కాయిని తిరగవేసి లోపలి ప్రక్క చూచి ఇంకు దిగినదో లేదో తెలిసికొనవచ్చును. తెరపై ఇంకు ఆరిపోకుండ ప్రతి లాగునకు తరువాత మరల ఇంకును తెరనిండ పరచియుంచవలెను. బల్లమీదికి పంకా గాలి నేరుగా తగులరాదు.

నాలుగవది వేడి. ఎక్కువమంది పొరపాటు పడునది ఇక్కడనే. ఈ రసాయన క్రియకు వేడితోబాటు తేమయు కావలెను. అద్దిన చొక్కాయిలను ఎండలో ఆరవేసి, సాయంకాలమున తీరికగా కాచెదమనినచో తేమ పోయి, నలుపు సగమే తొలగును. తడిగా నున్నప్పుడే కాచుయంత్రములోనికి పంపవలెను. ఇంకు పొరయే 160 డిగ్రీల సెంటీగ్రేడు వేడిని పొంది, సుమారు ఒకటిన్నర మొదలు రెండు నిమిషముల వరకు ఆ వేడిమిలో నుండవలెను. యంత్రపు ముల్లు చూపు అంకెయు, బట్టపై నిజముగా నున్న వేడియు ఒకటి కావు. కావున ఉష్ణమాపకముతో బట్టమీదనే కొలువవలెను. యంత్రము లేక హీట్ ప్రెస్సు మాత్రమే యున్నవారు, పలకను ముందు కొంచెము ఎత్తున నిలిపి ఆవిరి పోనిచ్చి, పిమ్మట దించి నొక్కుదురు. తడిగా నున్నప్పుడు అక్షరములు దాదాపు కనబడవు. వేడి తగులుచుండగా నలుపులోనుండి పసుపు మెల్లగా పైకి తేలి వచ్చును. ఆ క్షణము చూచుటకే నేను పలుమారు ఆ బల్లయొద్ద నిలిచితిని.

ఇప్పుడు అందరును గుర్తుంచుకొనవలసిన మాట. ఈ పొడి విడిపోవునప్పుడు గంధకపు ఘాటుతో కూడ ఫార్మాల్డిహైడ్ అను వాయువు వెలువడును. అది కన్నులను, గొంతును మండించును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2004లో దానిని మనుష్యులకు కాన్సరు కలిగించు పదార్థముల వరుసలో చేర్చెను. కావున మూసిన గదిలో ఈ పని చేయరాదు. ఆవిరిని వెలుపలికి లాగు పంకాయు గొట్టమును ఉండవలెను. చేతులకు తొడుగులు, ఆ వాయువును ఆపగల ముసుగు అవసరము. ముఖమునకు కట్టు గుడ్డ దానిని ఆపజాలదు. మా పనివాడు మొదట కిటికీ ఒక్కటే గల గదిలో పనిచేయుచుండెను. సాయంకాలమునకు అతని కన్నులు ఎర్రబడియుండెడివి. చొక్కాయి అందము చూచి మెచ్చుకొను మనము, దానిని వేసినవాని కన్నులనుగూర్చి అడుగుట లేదు. కూలిలో పది రూకలు తగ్గింపుమని బేరమాడుట మాత్రము ఎరుగుదుము. ఆ పది రూకలే కూడి అతనికి గాలి లాగు పంకా కావలసియుండెను. తరువాత అతడు పంకా పెట్టించుకొనెను.

విద్యార్థులలో కొందరు ఇంటియొద్ద బ్లీచింగు పొడితో బొమ్మలు వేయుదురని వింటిని. బ్లీచింగు పొడియు డిస్చార్జి పొడియు పరస్పర విరోధులు. రెండింటిని కలిపినచో అపాయకరమైన వేడియు విషవాయువులును పుట్టవచ్చును. ఎన్నడును కలుపకుడు. పెద్దల యెదుట గాక ఈ పని పూనుకొనకుడు. మిగిలిన ఇంకును కాలువలో పోయరాదు. మన ప్రాంతపు కాలువలు తుదకు మూసీనది దారి పట్టును. ఇంకును ఆరనిచ్చి, గట్టిపడిన పిమ్మట, వేరుగా నుంచి పారవేయుటకు అప్పగింపవలెను. క్రొత్త చొక్కాయిని ఒకసారి ఉతికిన పిమ్మటనే తొడుగుకొనవలెను. అప్పుడు మిగిలిన వాసనయు, తెగిన రంగు ముక్కలును పోయి, పసుపు మరింత తేటపడును.

మరుసటి సంవత్సరము చొక్కాయిల పని మరల నాకే వచ్చినది. ఈసారి చొక్కాయిలు కొనకముందే పోగు కాల్చి చూచితిని. కట్టకొకటి చొప్పున తెచ్చి ఆ పనివాని యెదుట పెట్టి, "ముందు ఒక్కటి వేసి చూడుడు" అని నేనే అంటిని. అతడు నవ్వెను. చొక్కాయి ఒక్కింటికి వెల కొంత హెచ్చినది గాని అవి ఈనాటికిని కొందరు పూర్వవిద్యార్థుల యొద్ద ఉన్నవి. అక్షరములు బీటలు వారలేదు.

క్రీడోత్సవమునాడు ప్రశ్న వేసిన విద్యార్థికి నా సమాధానమిది: నాయనా, నీ మిత్రుని చొక్కాయిమీది రంగు బట్టలోనే యున్నది. మునుపున్న నలుపును తీసి చోటు చేసినందున అది లోపల నిలువగలిగినది. నమ్మిక లేకున్న ఆ చొక్కాయిని తిరగవేసి చూడుము; అక్షరములు వెనుకవైపున తలక్రిందులుగా గాక ఎడమ కుడులు మారి, పసుపుపచ్చగా నీకు కనబడును.